దూడలేని చేపు

గేదె మనకి పాలివ్వదు. దూడకిస్తుంది, మధ్యలో మనం దూరి పిండుకుంటాం. దూడ వచ్చి పొదుగులో నాలుగు పోట్లు పొడిస్తేనే పాలు చన్నుల్లోకి దిగుతాయి. దాన్నే చేపడం అంటారు. దూడ చచ్చిపోతే గేదె పాలు బిగబట్టేస్తుంది, ఎంత బతిమాలినా చుక్క రాల్చదు. అందుకని వెనకటివాళ్లు చచ్చిన దూడ తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, లోపల గడ్డి కూరి, ఆ బొమ్మని తల్లి ముందు నిలబెట్టేవాళ్లు. తల్లి దాన్ని నాకుతూ నాకుతూ చేపేది. ఈ కాలం వాళ్లకి అంత ఓపిక లేక సూది పొడుస్తున్నారు.

గుడ్లపాడు పశుపోషణ పరిశోధనా కేంద్రంలో పనిచేసే డాక్టర్ వకుళకి ఈ రెండు పద్ధతులూ గిట్టవు. మొదటిది మోసమని, రెండోది హింస అని ఆమె వాదన. వాదించి ఊరుకోకుండా మూడో పద్ధతి కనిపెట్టింది. అది మొదటిదానికంటే పెద్ద మోసమని అప్పటికి ఆమెకి తోచలేదు.

ఆమె కనిపెట్టింది సూది కాదు, మందు బిళ్ల కాదు, దాణా. గేదె నెమరు పొట్టలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. వాటిలో ఒక బూజుని వకుళ ఎంచుకుని పెంచింది. తవుడు, పత్తిచెక్క, ఉలవపిండి కలిపిన దాణాలో దాన్ని పులియబెట్టి, చూడి గేదెకి ఈనబోయే ముందునుంచీ పెట్టేది. బూజు పొట్టలో స్థిరపడి ఒక పదార్థాన్ని తయారుచేస్తుంది. అది నెత్తుట్లో కలిసి మెదడుకెక్కి ఒకటే మాట చెబుతుంది: దూడ ఇప్పుడే తాగి నీ పక్కనే పడుకుంది, నిశ్చింతగా ఉండు. అంతకు మించి అది చేసే పనేమీ లేదు.

మొదటి గేదె ఈనిన రోజు పాలు పిండే యేసోబు నమ్మకం లేకుండానే చెంబు పట్టుకుని కూర్చున్నాడు. దూడని పుట్టిన వెంటనే అవతలి పాకలోకి తీసుకెళ్లిపోయారు. తల్లి దానికోసం తల తిప్పలేదు. పొదుగుమీద చెయ్యి వేసీ వెయ్యగానే పాలు జారిపోయాయి.

"ఏటండిది డాక్టరుగారూ, దూడ మొకం సూడకండా సేపేసింది," అన్నాడు యేసోబు. సంతోషపడాలో భయపడాలో తేల్చుకోలేక చెంబు కిందపెట్టి ఓసారి గేదె మొహంలోకి చూశాడు. గేదె నెమరేస్తోంది.

తర్వాత పరీక్ష కోసం దూడని తెచ్చి ఎదురుగా నిలబెట్టారు. అది అంబా అంటూ తల్లి కాళ్లలోకి దూరింది. గేదె దాన్ని తన్నలేదు, నాకలేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టు నిలబడి, తన దాణా తాను తింది. వకుళకి ఆ నిమిషంలో కలిగింది అచ్చమైన సంతోషం. గేదెకి దిగులు లేదు, సూదిపోటు లేదు, పాలు ఎక్కువ వచ్చాయి. ఇంకేం కావాలి?

సాయంత్రం స్కూటరు మీద ఇంటికి వెళ్తే అక్కడ మాత్రం దిగులు గడప దాటేది కాదు. వకుళ పెళ్లి చేసుకోలేదు, అన్న వీరభద్రం ఇంట్లోనే ఉంటోంది. వీరభద్రానికి ఊరి మొదట్లో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. వదిన మాణిక్యం. వాళ్లకి ఇద్దరు పిల్లలు ఉండేవాళ్లు, ఇప్పుడు ఒకతే. పెద్దవాడు శశి జ్వరంతో పోయాడు. మామూలు జ్వరమే అనుకున్నారు, కాదని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఏడాది దాటింది. మాణిక్యం తల దువ్వుకోవడం మానేసింది, రుచులు మానేసింది, ఎవరైనా పలకరిస్తే ఆ మనిషి వెనక్కి ఎక్కడికో చూస్తూ జవాబు చెప్పేది. మిగిలిన పిల్ల హారిక రెండో తరగతి. దాన్ని మాత్రం కళ్లముందునుంచి కదలనిచ్చేది కాదు. అస్తమానం నుదుటిమీద చెయ్యి పెట్టి చూసేది. పడుకున్నా దాని మణికట్టు పట్టుకునే పడుకునేది. పిల్ల అటు దొర్లితే తల్లి లేచి కూర్చునేది.

"ఇది తింటే కదా బతికేది," అని వీరభద్రం చెల్లెలి దగ్గర గొణిగేవాడు. "రెండు ముద్దలు పెడితే ఒకటి నోట్లోనే ఉండిపోతుంది."

అలాంటి మనిషి జున్ను తింది. మెత్తగా ఉండి, నమలక్కర్లేకుండా జారిపోయింది కాబట్టి తిందో, ఎదురుగా పెట్టారు కాబట్టి తిందో, మొత్తానికి గిన్నె ఖాళీ చేసింది. ఆ జున్నుపాలు తెచ్చింది వకుళే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రయోగంలో ఉన్న గేదెల పాలు ఎవరూ తాగకూడదు. పిండిన పాలన్నీ సున్నం గోతిలో పొయ్యాలని వకుళ స్వయంగా రాసి పాక గోడకి అంటించింది. యేసోబు కూడా ముక్కుతూ మూలుగుతూ ఆ ప్రకారమే పోసేవాడు. కానీ జున్నుపాల సంగతి ఆ కాగితంలో లేదు. ఎందుకుంటుంది? పాల లెక్క జున్ను విరగడం మానేసి మామూలు పాలు మొదలైన నాటినుంచే కడతారు. అంతకుముందు వచ్చేది పాలు కాదు, జున్ను. దూడకి కొంత సీసాతో పట్టగా మిగిలింది నలుగురికీ పంచుతారు. పక్కింట్లో గేదె ఈనితే మన గుమ్మంలోకి జున్నుపాల గిన్నె రావడం ఎంత మామూలో, ఇదీ అంతే. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన వకుళకి, ఎన్ని డిగ్రీలు సంపాదించినా, జున్ను పాలలోకి వస్తుందని తట్టలేదు. తానే రాసిన కాగితం కింద నిలబడి, తానే సీసా నింపుకుని ఇంటికి తెచ్చింది.

వదిన తింటోంది కదా అని ఏ గేదె ఈనినా తేవడం మొదలుపెట్టింది. వానాకాలం చివరంతా గేదెలు వరసగా ఈనాయి. వీరభద్రానికి షుగరు, బెల్లం ముట్టడు. హారికకి ఆ వాసన పడదు. వకుళ పొద్దస్తమానం పాకలో ఉండి వచ్చిన మనిషి, ఇంట్లో కూడా గేదె వాసన తినమంటే ఆమె వల్ల కాదు. కాబట్టి ఇంట్లో జున్ను తినేది మాణిక్యం ఒక్కతే. మిగిలిన పాలు సీసాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టుకుని, అప్పుడప్పుడు వండుకునేది.

కొన్ని వారాల్లో మాణిక్యం మనిషైంది. మొదట తల దువ్వుకుంది. తర్వాత చీర మార్చింది. ఒకనాడు వీరభద్రం షెడ్డునుంచి వచ్చేసరికి వంటింట్లోంచి కూనిరాగం వినబడింది. అతను చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. కళ్లనీళ్లు తిరిగాయి, తుడుచుకుని లోపలికి వెళ్లాడు.

వకుళ మీద వేళాకోళాలు కూడా మళ్లీ మొదలయ్యాయి. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఉన్న మొగుడితోనే వేగలేకపోతుంటే పైన ఈ అర్ధం ఒకటి నాకు. ఎవణ్ణైనా చూసి కట్టబెట్టేస్తే నా వంటింట్లో ఒక పళ్లెం తగ్గుతుంది," అంది మాణిక్యం పప్పు వడ్డిస్తూ.

"కట్టబెట్టు వదినా. గేదెల్ని కూడా కట్నం కింద పంపెయ్," అంది వకుళ. వీరభద్రంతో కలిపి ముగ్గురూ నవ్వారు. హారిక నవ్వలేదు. అన్నం కలుపుకుంటూ వాళ్ల అమ్మ మొహంలోకి చూస్తూ కూర్చుంది.

కాలమే మాన్పిందని అందరూ అనుకున్నారు. ఎవరి ఇంట్లో ఎవరు పోయినా అందరూ చెప్పే మాటే కాబట్టి నమ్మడానికి కష్టపడక్కర్లేకపోయింది. శశి బట్టలు, సైకిలు ఎవరికో ఇచ్చేశానని మాణిక్యం చెప్పినప్పుడు వీరభద్రం కొంచెం ఉలిక్కిపడ్డాడు. కానీ మంచిదేగా అనుకున్నాడు.

ఒకరోజు పొద్దున్న హారిక జడలు ఒకటి చెవి పైకి, ఒకటి చెవి కిందికి ఉండటం వకుళ చూసింది.

"ఎవరే ఈ జడలేసింది?"

"నేనే."

"అమ్మ వెయ్యలేదా?"

"అడిగితే వేస్తుందత్తా. అడక్కపోతే వెయ్యదు," అంది హారిక. దాంట్లో ఫిర్యాదేమీ లేదు. పుస్తకాల సంచీ తగిలించుకుని వ్యాను కోసం వెళ్లిపోయింది. వదినని అడగాలనుకుంది వకుళ గానీ, ఆ రోజు ఇంకో గేదె ఈనబోతోంది, తొందరలో మర్చిపోయింది.

మర్చిపోనివ్వకుండా చేసింది బడివాళ్లే. ఒక మధ్యాహ్నం వకుళకి ఫోన్ వచ్చింది. "మేడమ్, హారికకి జ్వరం. పొద్దున్నే వాళ్లమ్మగారికి చెప్పాం. సరే అన్నారు. ఇంకా ఎవరూ రాలేదు. వాళ్ల నాన్నగారి ఫోన్ కలవట్లేదు," అంది టీచరు.

వకుళ వెళ్లేసరికి పిల్ల బల్లమీద ఆయా ఒళ్లో తలపెట్టుకుని పడుకుని ఉంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. స్కూటరు అక్కడే వదిలేసి, ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నెత్తురు పరీక్ష చేశారు. ఇదీ శశికి వచ్చిన జ్వరమే. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఇంకో పూట ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు చెప్పగానే వకుళ షెడ్డుకీ ఇంటికీ కబురు పంపింది.

కబురు తెలిసి వీరభద్రం చేతుల గ్రీజు కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చాడు. మాణిక్యం తర్వాత వచ్చింది. మెల్లగానే వచ్చింది. తల నున్నగా దువ్వుకుని, చేతిలో క్యారేజీ పట్టుకుని వచ్చి, మంచం పక్కన కుర్చీలో సర్దుకుని కూర్చుంది. సెలైను సీసా వంక ఓసారి చూసింది. తర్వాత చీర కొంగు ముడి విప్పి వక్కపొడి నోట్లో వేసుకుంది.

"ఇక్కడ క్యాంటీన్లో కాఫీ బాగుంటుందా?" అని అడిగింది.

వీరభద్రం పెళ్లాం వంక తెల్లబోయి చూశాడు. వకుళ మాత్రం ఆమె దవడ వంక చూసింది. తొందరా లేదు, ఆగడమూ లేదు. అటొకసారి, ఇటొకసారి, నింపాదిగా నములుతోంది. ఈ నమలడం వకుళకి తెలుసు. రోజూ పాకలో చూస్తున్నదే.

"వదినా, బడివాళ్లు ఫోన్ చేశారటగా. వెళ్లలేదేం?"

"జ్వరమన్నారు. సరే అన్నాను. పచ్చడికి మెంతులు వేయిస్తున్నాను అప్పుడు."

"భయం వెయ్యలేదా నీకు?"

మాణిక్యం నిజంగానే ఆలోచించింది. "ఎందుకు భయం? ఇక్కడే ఉందిగా."

"లేకపోతే?"

"లేకపోయినా ఉన్నట్టే ఉంటుంది వకుళా. శశి లేడా? వాడు లేడని నాకు తెలుసు. తెలిసినా, పక్క వీధిలో ఎక్కడో ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఇదివరకటి లాగా కాదు. ఇప్పుడు హాయిగా ఉంది," అంది. అని చల్లగా నవ్వింది.

ఆ నవ్వు చూసి వకుళకి పుట్టినంత భయం, సెలైను చూసినప్పుడు కూడా పుట్టలేదు.

హారిక ప్రాణానికి ఫర్వాలేదని చెప్పాక ఆమె చేసిన మొదటి పని ఇంటికెళ్లి ఫ్రీజర్లోంచి ఒక జున్నుపాల సీసా తీసుకుని కేంద్రానికి వెళ్లడం. పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు, ఆమె కనిపెట్టిన పదార్థాన్ని ఆమె వెతుక్కోవడమే. ఉంది. మామూలు పాలలో ఉండేదానికి ఎన్నో రెట్లు ఉంది. ఆవిరి మీద ఉడికించినా పోలేదు. మనిషికి నెమరు పొట్ట లేదు కదా, ఈ బూజు మనకేం చేస్తుందిలే అనుకునే అప్పట్లో పరిశోధన మొదలుపెట్టింది. బూజు గేదె పొట్టలోనే ఉండిపోయింది, అది వండిపెట్టింది మాత్రం తిన్నగా వదిన గిన్నెలోకి వచ్చింది.

హైదరాబాదులో ఉన్న డైరెక్టరుకి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన అప్పటికే పాల లెక్కలు చూసి మహా ఉత్సాహంగా ఉన్నాడు.

"అంతేనా అమ్మా, నేనింకా ఏదో అనుకున్నాను. జున్ను కూడా పారబొయ్యాలని ఒక్క లైను చేర్చండి. ఆ ఒక్క లైనుతో సమస్య తీరిపోతుంది. మామూలు పాలలో ఉండేది ప్రమాదం లేనంత తక్కువేగా?" అన్నాడు.

వకుళ ఆ లైను చేర్చింది. చేర్చి యేసోబుని పిలిచి చదివి వినిపించింది. అతను తలకి చుట్టిన తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"మీరు పారబొయ్యమంటే పారబోత్తానండి. మీ ముందర పారబోత్తాను. కానండి, ఈ దాణా రేపు రైతులకిత్తారంట కదా. ఆళ్ల ఇంట్లో ఆడోళ్లకి జున్ను పారబొయ్యమని ఎవరు సెబుతారండి? ఎవురింటారండి?"

"మీ ఇంట్లో తిన్నారా యేసోబూ?"

"తిన్నావండి. ఒకసారే." కాసేపు గుర్తు చేసుకుని, "ఆ వారం మా ఇంట్లో అందరూ మా శాంతంగా ఉన్నారండి. మా ఆడది నన్ను తిట్టలేదు. పండగనుకున్నాను," అన్నాడు.

అతను నవ్వాడు, వకుళకి నవ్వు రాలేదు. రేపు ఈ దాణా ఎన్ని పశువుల గాటిపాళ్లకి వెళ్తుందో, ఎన్ని గుమ్మాల్లోకి గిన్నెలు తిరుగుతాయో తల్చుకుంది. బాలింతలుంటారు. చంటిపిల్లల తల్లులుంటారు. వాళ్ల చెవిలో ఈ పదార్థం నిశ్చింతగా ఉండమని చెబుతుంటే పక్కగదిలో పిల్ల ఏడుస్తుంటుంది. ప్రయోగం ఆపేస్తున్నానని డైరెక్టరుకి రాసి పంపింది. ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోకముందే దాణా తొట్లు కడిగించి మామూలు తవుడు పోయించింది. తర్వాత ఆమెని గడ్డి విత్తనాల విభాగానికి మార్చారు. ఆ సంగతి ఆమె ఎప్పుడు ఎవరికి చెప్పినా వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పేది.

ఇంట్లో తొట్టి కడగడం మాత్రం అంత తేలిక కాలేదు. ఎందుకంటే దాణా ఆపితే ఏమవుతుందో ఆమెకి అప్పటికే తెలుసు. మొదట ఈనిన గేదెకి ప్రయోగంలో భాగంగా ముందే ఆపి చూసింది. మూడు వారాలదాకా ఏమీ లేదు. ఒకనాడు తెల్లవారాక ఉన్నట్టుండి అది తల ఎత్తి అరవడం మొదలుపెట్టింది. పలుపు తెంపుకుని పాకలన్నీ తిరిగింది. నీళ్లు ముట్టలేదు. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. ఆ పదార్థం దిగుల్ని చంపలేదు, లోపల కూడబెట్టింది. చివరికి ఆ గేదె తేరుకుంది గానీ, తేరుకునేదాకా బతుకుతుందని ఎవరికీ నమ్మకం లేకపోయింది.

హారిక ఆసుపత్రినుంచి వచ్చాక వకుళ అన్నని వరండాలో కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పింది. విన్నంతసేపూ వీరభద్రం నేలవైపు చూశాడు.

"నువ్వే తెచ్చిపెట్టావు. ఇప్పుడు నువ్వే లాక్కుంటానంటావేంటే? ఇప్పుడే కదా మనిషైంది," అన్నాడు చివరికి.

"మనిషవలేదన్నయ్యా. నువ్వు ఆసుపత్రిలో చూడలేదా?"

"చూశాను." తల ఎత్తకుండానే అన్నాడు. "పిల్లని నేను చూసుకుంటాను. షెడ్డు మానేసి ఇంట్లో కూర్చుంటాను. దాన్ని మళ్లీ ఆ గోతిలోకి తొయ్యకు. నువ్వు చూడలేదు, మొదట్లో అది గోడకేసి తల కొట్టుకున్నప్పుడు పట్టుకున్నది నేను. నా వల్ల కాదు మళ్లీ."

వకుళ మనసులో లెక్క వేసుకుంది. తప్పు తనది, శిక్ష వదినది, దాన్ని పట్టుకుని కూర్చోవలసినవాడు అన్న. ఈ లెక్కలో తను ఎక్కడా లేకపోవడం ఆమెకి సిగ్గుగా ఉంది.

మాణిక్యం వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చాటుగా విన్నానన్న మొహమాటం కూడా లేదు. వచ్చి గట్టుమీద కూర్చుంది.

"జున్ను ఆపేస్తే నేను ఏడుస్తాను, అంతేగా?"

"చాలా ఏడుస్తావు వదినా. మొదటిరోజు ఏడ్చినట్టు. అంతకంటే ఎక్కువేమో."

"మరి తింటూ ఉంటే?"

"ఇలాగే ఉంటావు."

"ఇలా ఉంటే హారిక మీద నాకు ప్రేమ ఉన్నట్టా, లేనట్టా?" అంది మాణిక్యం. డబ్బాలో పంచదార ఉందా అని అడిగినట్టు అడిగింది.

వీరభద్రం మొహం తిప్పుకున్నాడు. వకుళ అబద్ధం చెప్పడానికి ప్రయత్నించింది, నోరు రాలేదు. "లేదనుకుంటా వదినా. ఉన్నా దానికి అందట్లేదు."

"ముందు ఉండేదా?"

"ఉండేది. నుదురు చూసి చూసి దాని బొట్టు చెరిపేసేదానివి. నిద్రలో కూడా చెయ్యి వదిలేదానివి కాదు."

"అది గుర్తుంది. చేసినవన్నీ గుర్తున్నాయి. ఎందుకు చేశానో గుర్తులేదు." మాణిక్యం తన అరచేతులు చూసుకుంది. "అలా చేసిన మనిషికి ఏదో కారణం ఉండి ఉంటుంది కదా. నాకిప్పుడు తెలియకపోయినా ఆమెకి తెలుసు. ఆమె మాటే విందాం. ఆపేద్దాం."

"మాణిక్యం, ఇంకొన్నాళ్లు ఆగు," అన్నాడు వీరభద్రం.

"ఆగితే ఏమొస్తుందండీ? అది ఈలోగా పెద్దదైపోతుంది."

లేచి వెళ్లి ఫ్రీజరు తెరిచింది. సీసాలు ఒక్కొక్కటే తీసి, వేడినీళ్లలో పెట్టి కరిగించి, తూములో పారబోసింది. ఆ జిల్లాలో జున్నుపాలు పారబోసిన ఆడమనిషిని వకుళ అంతకుముందు చూడలేదు. పారబోసి, సీసాలు కడిగి, బోర్లించి, పప్పులో పోపు పెట్టింది.

ఆ తర్వాతి రోజులు మామూలుగానే గడిచాయి. మాణిక్యం వండింది, వేళాకోళమాడింది, వక్కపొడి నమిలింది. వీరభద్రం షెడ్డుకి వెళ్లడం తగ్గించాడు. ఇంట్లో కత్తిపీట, చాకులు తీసి వకుళ గదిలో పెట్టాడు. హారికకి ఎవరూ ఏమీ చెప్పలేదు. అది బడినుంచి రాగానే తనంతట తాను కాళ్లు కడుక్కుని, పాలు కలుపుకుని, హోంవర్కు చేసుకుని, వేళకి పడుకునేది. చూసినవాళ్లు ఎంత బుద్ధిమంతురాలో అనేవాళ్లు.

ఒక ఆదివారం పొద్దున్న కేంద్రంనుంచి యేసోబు ఫోన్ చేస్తే వకుళ హడావిడిగా వెళ్లింది. పాకకి ఇంకా చాలా దూరముండగానే వినబడింది. తొట్లు కడిగించిన నాటినుంచి మామూలు తవుడు తింటున్న గేదెలన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి. ఒకదాని అరుపు ఆగకముందే ఇంకొకటి అందుకుంటోంది. పలుపులు తెగకుండా యేసోబు రెండేసి తాళ్లు కడుతున్నాడు. ఊరివాళ్లు ప్రహరీ బయట గుమిగూడారు. వకుళ పాక మధ్యలో నిలబడి రెండు చేతులతో చెవులు మూసుకుంది. అప్పుడే సంచీలో ఫోన్ మోగింది.

"రా," అన్నాడు వీరభద్రం. ఆ ఒక్కమాట వెనకనుంచి వదిన గొంతు వినబడింది.

ఇల్లు చేరేసరికి మాణిక్యం ముందుగదిలో నేలమీద ఉంది. వీరభద్రం వెనకనుంచి రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు. ఆమె శశి పేరు పెట్టి ఏడుస్తుందని వకుళ అనుకుంది. దానికే గుండె చిక్కబట్టుకుని వచ్చింది. మాణిక్యం ఏడుస్తున్నది దానికి కాదు. శశి కోసం ఏడవడానికి ఇంకా చాలా రోజులున్నాయి.

"ఫోన్ చేశారు," అంటోంది. "పిల్లకి జ్వరమని ఫోన్ చేశారండీ. సరే అన్నాను. సరే అని మెంతులు వేయించుకుంటూ కూర్చున్నాను. అదక్కడ కాలిపోతుంటే నేను కాఫీ అడిగాను. నేనేనా? నేనేనాండీ అడిగింది?"

జరిగిందేదీ ఆమె మర్చిపోలేదు. ఒక్కొక్కటే గుర్తొస్తోంది, గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు విల్లులా వంగిపోతోంది. వకుళ పక్కన కూలబడి ఆమె పాదాలు పట్టుకుంది. తనూ ఏడ్చింది. అలా ఏడ్చి ఎన్నాళ్లైందో ఆమెకే తెలియదు.

హారిక లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో రంగు పెన్సిలు ఉంది. మాణిక్యం దాన్ని చూసింది. భర్త చేతులు విడిపించుకుని, మోకాళ్ల మీద లేచి, రెండు చేతులూ చాచింది.

"నా తల్లీ, నా బంగారూ, ఇలా రా."

హారిక కదల్లేదు. తర్వాత గోడ వారగా, అమ్మ చేతులకి అందనంత దూరంగా నడిచి వకుళ వెనక్కి చేరింది. చున్నీ కొస పట్టుకుంది.

"అత్తా, అమ్మకి ఒంట్లో బాలేదా?" అని మెల్లగా అడిగింది. జవాబు రాకపోయేసరికి, పెద్దవాళ్లు ఇరుగుపొరుగుకి సర్దిచెప్పినట్టు తనే చెప్పింది. "నాకేం కాలేదమ్మా. జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది. నువ్వేం కంగారు పడకు."

దాణా గేదెకే పెట్టారు, జున్ను తల్లే తింది. పిల్లకి ఎవరూ ఏమీ పెట్టలేదు. అది తల్లి లేకుండా ఉండటం ఏ మందూ లేకుండానే నేర్చుకుంది.

వీరభద్రం విసురుగా లేచాడు. "అమ్మ పిలుస్తుంటే అలా నిలబడతావేంటే? వెళ్లు," అంటూ పిల్ల చెయ్యి పట్టుకోబోయాడు.

"లాగకండి," అంది మాణిక్యం. కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపు పళ్ల మధ్య బిగబట్టి మాట్లాడుతోంది. "భయపెట్టేశాను దాన్ని. మీరెవరూ చెప్పకండి, తోయకండి. అదే రావాలి."

అని గోడకి చేరగిలబడి కూర్చుంది. చాచిన చేతులు ఒళ్లో పెట్టుకుంది గానీ అరచేతులు తెరిచే ఉంచింది. హారిక వకుళ వెనకనుంచి తల మాత్రం బయటికి పెట్టి, కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు, ఆమెనే చూస్తూ నిలబడింది.